ఉన్ని మొలిచిన గొర్రె

గొర్రెకు ఉన్ని మొలిపించేది దేవుడని లోకం అనుకుంటోంది. తప్పు! మా వైపు ఆ పని చేసింది విద్యాశాఖ! తొంభై ఆరో సంవత్సరం చలికాలంలో, ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే రోడ్డు పక్కన, మా బడి ఆవరణలో, పట్టపగలు, పిల్లలందరి ఎదుట ఆ మహత్కార్యం జరిగింది. నేను ఆ బడిలో తెలుగు పండితుణ్ణి. కళ్లారా చూసినవాణ్ణి.

జిల్లా నుంచి ఒక ఉత్తర్వు దిగింది. పిల్లల చేత ఊలుతో బంతులు, కోడిపిల్లలు, బొమ్మలు చేయించాలట. చాలా మంచిమాట. దాని కిందే ఇంకో మాట: "ఇందుకు కావలసిన ఉన్నిని స్థానిక గొర్రెల నుండియే సేకరించవలెను."

స్థానిక గొర్రెలంటే మా నెల్లూరు గొర్రెలు. పొడుగ్గా, ఠీవిగా, నున్నగా ఉంటాయి. ఒంటి మీద పొట్టి వెంట్రుకే గానీ ఉన్ని అన్నది ఉండదు. ఈ సంగతి వింజమూరులో తెలుసు, మర్రిపాడులో తెలుసు, ఉయ్యాల్లో పిల్లలకు తెలుసు. జిల్లా కార్యాలయంలోనే తెలియదు!

"ఉన్ని లేదని రాసేద్దాం సార్" అన్నాను హెడ్మాస్టరు సురేంద్రబాబు గారితో.

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఏంది పంతులూ, చిన్నపిల్లోడి మాదిరి మాట్లాడతావు? ఉత్తర్వులో ఉండాదంటే ఉండాది. నాటిన మొక్కలు బతకలేదని నిజం రాసినాడే పక్క బడి హెడ్మాస్టరు, ఆయనిప్పుడు ఎక్కడుండాడో తెలుసునా?"

తెలియదు. ఎవరికీ తెలియదు. అదే కదా భయం!

ఇంకో మెలిక కూడా ఉంది. పథకం నడవని బళ్లలో క్రాఫ్టు టీచరు పోస్టు రద్దు చేస్తారట. మా క్రాఫ్టు టీచరు సుకుమారి. ఆమె భర్త జయపాల్ పెళ్లయినప్పటి నుంచీ ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాడు, పాపం, ఇంట్లో కూర్చుని. ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే. కూతురు షైనీ మా బడిలోనే మూడో తరగతి. ఉత్తర్వు వినగానే సుకుమారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దేవా! గొర్రెకి లేని ఉన్ని నేనెక్కడ తెచ్చేది సార్?"

"ఆత్మకూరు ఫ్యాన్సీ షాపులో తల్లీ!" అన్నారు సురేంద్రబాబు గారు. "ఆత్మకూరు స్థానికం కాదా? షాపాయన స్థానికుడు కాడా?"

ఊలు ఉండలు వచ్చాయి. ఇక చూడండి సంబరం! పాత నోటు పుస్తకాల అట్టలు గుండ్రంగా కత్తిరించి, నడుమ చిల్లి పెట్టి, రెండు అట్టలు కలిపి, వాటి చుట్టూ ఊలు చుట్టడం. అంచున కత్తెర పోనిచ్చి, రెండు అట్టల సందున దారం బిగించి ముడేస్తే అట్ట జారిపోయి బంతి భళ్లున విచ్చుకునేది. విచ్చుకున్నప్పుడల్లా పిల్లలు ఒకటే కేరింత! రెండు బంతులు కలిపి గురివింద గింజల కళ్లు పెడితే కోడిపిల్ల. లెక్కల మాస్టారి చెవుల మీద రెండు బంతులు, డ్రిల్లు మాస్టారి ఈల తాడుకు నాలుగు. నాకూ ఒకటి పిలకకు కట్టారు. తీసేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు పిడుగు పడింది. జిల్లా కార్యాలయం నుంచి ఈ పథకం ప్రత్యేకాధికారి రామనారాయణ గారు తనిఖీకి వస్తున్నారు. ఉన్ని ఇచ్చిన గొర్రెను ఆయనకు చూపాలట!

సుకుమారి కుర్చీలో కూలబడింది. సురేంద్రబాబు గారు మాత్రం తన ఇంటికి పోయి, ఓ పాత బనియను పట్టుకొచ్చారు.

"పిల్లలూ! ఊలు బంతులన్నీ దీనికి కుట్టండి!"

గొర్రెను మంద తోలే ఓబులయ్య ఇచ్చాడు. బనియనులో దాని ముందుకాళ్లు దూరుస్తుంటే "ఏంది సామీ, దీనికేమన్నా పెళ్లా?" అన్నాడు. తెల్ల ఊలు నడుము దాకా సరిపోయింది. వెనక భాగానికి గులాబీ రంగు వాడాల్సి వచ్చింది. షైనీ దాని మెడలో ఒక పసుపుపచ్చ బంతి కూడా కట్టి ముద్దు పెట్టుకుంది.

అధికారి గారు జీపు దిగారు. ముక్కుకు సెంటు రుమాలు. నోట శుద్ధ గ్రాంథికం.

"ఈ జీవి గొర్రెయా, మేకయా? నాకు పశువులతో పరిచయము లేదు."

"గొర్రేనండీ!"

ఆయన వేలి కొనతో తాకారు. "ఆహా, ఏమి మృదుత్వము! వెనుక భాగము గులాబీ వర్ణమున ఉన్నదేమి?"

"అది స్థానిక జాతి లక్షణమండీ!" అన్నారు సురేంద్రబాబు గారు, రెప్ప వాల్చకుండా.

ఇంతలో స్వాగత గీతమని పిల్లలు డోలు మోగించారు. గొర్రె బెదిరింది. ఒక్క దూకు! చిల్లకంప ముళ్లపొదల్లో పడి అటు దూరి, ఇటు దూరి పరిగెత్తింది. బంతులు ఊడుతున్నాయి, ఊలు సాగుతోంది, పిల్లలు దాని వెనక కేకలు! చివరికి బనియను కంపకు వేలాడింది. నున్నటి నెల్లూరు గొర్రె బడి చుట్టూ చక్కర్లు కొడుతోంది.

"అయిపోయింది సార్, నా ఉద్యోగం అయిపోయింది!" సుకుమారి బావురుమంది.

అధికారి గారు ఆమెను చూడలేదు. రుమాలు పారేశారు. ప్యాంటు మోకాళ్ల పైకి లాగారు. నాలుక మడిచి "ట్ర్ర్... హేయ్!" అని ఒక కూత వేసి, వంగి, పరిగెత్తే గొర్రె వెనక్కాలు ఒడిసి పట్టేశారు! కడుపు తడిమి చూసి నిప్పులు కక్కారు.

"సూడిది గదరా ఇది! సూడిగొర్రెని పరిగెత్తిస్తారా, బుద్ధుండాదా మీకు?"

బడంతా నోరు తెరిచింది. ఓబులయ్య దగ్గరికొచ్చి ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. "నువ్వు మర్రిపాడు పిచ్చయ్య కొడుకువి గదా? అచ్చం మీ నాయన మాదిరే పట్టినావే!"

అధికారి గారు గొర్రెను వదిలి, పైకి లాగిన ప్యాంటు సర్దుకుని, మమ్మల్ని వరండాలోకి లాక్కుపోయారు.

"మన గొర్రెకి ఉన్ని లేదని మీకు తెలుసునా సార్?" కళ్లు తుడుచుకుంటూ నిలదీసింది సుకుమారి.

"పుట్టినప్పట్నుంచీ తెలుసునమ్మా."

"మరి ఆ ఉత్తర్వు రాసిందెవురు?"

"నేనే. పైవాళ్లు రాయమన్నప్పుడు ఉన్ని లేదంటే నీకెట్టా తెలుసునని అడగరా? గొర్రెలు కాసే ఇంటి బిడ్డనని చెప్పాల్సొస్తాది. ఆఫీసులో ఎవురికీ తెలీదు." ఆయన నుదురు తుడుచుకున్నారు. "నీ పోస్టుకేం కాదులే. నోరు మెదపొద్దు."

సుకుమారికి ప్రాణం లేచొచ్చింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఒక మనిషి తండ్రిని దాచిపెట్టడానికి జిల్లాలోని గొర్రెలన్నిటికీ ఉన్ని మొలవాలా!

అధికారి గారు వేదికెక్కి గొంతు సవరించారు. "సభాసదులారా! నా జీవితమున గొర్రెను దర్శించుట నేడే ప్రథమము. ఉన్ని పథకము ఇచట దిగ్విజయమైనది!"

వేదిక పక్కనే గొర్రెను నిమురుతున్న ఓబులయ్య తల ఎత్తాడు. "ఒరే రామనారాయణా! ఈ మాట మీ నాయన వింటే ఏమైపోతాడ్రా?"

మైకు ఆ మాటను బడంతా వినిపించింది.

అధికారి గారు చిరునవ్వు చెదరనీయలేదు. "ఈ వృద్ధుడు ఎవరిని సంబోధించుచున్నాడో తెలియదు" అన్నారు.

వెంటనే చప్పట్లు మోగిపోయాయి. ముందుగా కొట్టింది నేనే.