మాస్టరు పెద్దొదిన

టైలరింగ్ షాపు కటింగ్ మాస్టరు ఆ ఉదయం టేపు మెడలో వేసుకుంటూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ ఎలాగైనా సాయంత్రం పెందలాడే బయటపడాలి. ఎన్నాళ్లుగానో కోమాలో ఉన్న పెద్దకోడలు ఇవాళ కళ్లు తెరుస్తుంది.

పెద్దకోడలంటే వాళ్లింటి కోడలు కాదు, టీవీ సీరియల్లో కోడలు. మాస్టరు పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ సీరియల్, ఆయన కూతురు హైస్కూలుకు వచ్చినా ఓ కొలిక్కి రాలేదు. ఇంట్లో దాన్ని ఆయన "పనికిమాలిన సీరియల్" అనే పిలిచేవాడు. అలా పిలుస్తూనే, రోజూ భార్య తన చెల్లెలికి ఫోనులో ఆనాటి కథ పూసగుచ్చినట్టు చెబుతుంటే, పేపరు అడ్డం పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా వినేవాడు.

తీరా అసలు ఘట్టం వచ్చేసరికి అక్కాచెల్లెళ్లకు చెడింది. పాపమంతా చిన్నకోడలిదేనని అక్క, అంత మెతకగా ఉండడం పెద్దకోడలి తప్పేనని చెల్లెలు. మాటామాటా పెరిగి ఫోన్లు ఆగిపోయాయి. మాస్టరు చెవులకు పస్తులు మొదలయ్యాయి.

పెందలాడే వెళ్తానని షాపులో అడగడానికి సమయం కూడా మంచిది కాదు. ఓనరు వెనక వీధిలో రెండో షాపు తెరవబోతున్నాడు. దాని పెత్తనం మాస్టరుకే అని అందరూ అనుకుంటున్నారు. ఇలాంటప్పుడు సీరియల్ కోసం వెళ్తానంటే ఆ కుర్చీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"పెందలాడే ఎందుకయ్యా?" ఓనరు కళ్లద్దాల మీదుగా చూశాడు.

మాస్టరుకు గుడ్డ కత్తిరించడం వచ్చుగానీ అబద్ధం కుట్టడం రాదు. మనసులో ఉన్నదే నోట్లోంచి జారింది. "మా పెద్దొదిన సార్. కోమాలో ఉంది. ఇవాళ కళ్లు తెరుస్తుంది."

"తెరుస్తుందని నీకు ముందే ఎట్లా తెలుసు?"

"అంటే... డాక్టర్లు అంటున్నారు సార్."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "సరే, వెళ్లు. రేపు పొద్దున్నే నాకు సంగతి చెప్పాలి."

పనికిమాలినదన్న సీరియల్ని ఇంట్లో ఏ ముఖంతో చూడగలడు? మాస్టరు నేరుగా మలుపులో ఉన్న టీవీల షాపు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అద్దాల వెనక పెద్దా చిన్నా టీవీలన్నిటిలోనూ పెద్దకోడలు ఒకేసారి కళ్లు తెరిచింది. మాట ఒక్కటీ బయటికి వినిపించదు. అయినా ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందా? పెదవుల కదలికకు తగ్గ మాటలు ఆయనే వేసుకున్నాడు.

"కళ్లు తెరిచింది సార్. కట్టుకున్నవాడినే గుర్తుపట్టలేదు" అన్నాడు మర్నాడు.

"అయ్యయ్యో! ఇవాళా వెళ్లు" అన్నాడు ఓనరు.

మూడోనాడు, చిన్నొదిన పాలల్లో ఏదో పొడి కలిపిందన్నాడు. గుండీలు కుట్టే అక్క సూది చేతిలో పట్టుకునే ముక్కు చీదింది. ఆ మర్నాడు, చిన్నొదిన రోగి కాళ్లు పట్టుకుని మంచం మీంచి కిందికి లాగబోయిందన్నాడు.

ఇస్త్రీ పెట్టె దించేశాడు ఇస్త్రీ మామ. "మా బావమరిది పోలీసు. ఇది చూస్తూ ఊరుకునే సంగతి కాదు. ఈ సాయంత్రమే అందరం ఆస్పత్రికి పోదాం. మాస్టరూ, ఏ వార్డు?"

"వార్డు... మారుస్తున్నారు మామా."

సరిగ్గా అప్పుడే, మాస్టరు ఇంట్లో మర్చిపోయిన అన్నం క్యారియరు పట్టుకుని ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. గుండీల అక్క ఎదురెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. "మీ తోడికోడలికి ఎట్లా ఉందమ్మా?"

"నాకు తోడికోడలెక్కడిది? ఈయన ఒక్కడే కొడుకు."

కుట్టుమిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి.

"మరి రోజూ పెందలాడే ఆస్పత్రికని వెళ్తున్నాడే!"

"పెందలాడేనా? ఇంటికి ఎప్పుడూ వచ్చే వేళకే వస్తున్నారే!"

అందరి కళ్లూ మాస్టరు మీద పడ్డాయి. ఇస్త్రీ మామ గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా అన్నాడు. "అయితే ఆస్పత్రిలో ఉన్న ఆవిడెవరు?"

భార్య క్యారియరు బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకు మాస్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. నిజం చెబితే కొత్త షాపు పోతుంది. చెప్పకపోతే ఇల్లే పోయేలా ఉంది.

"ఏమండీ, ఎవరావిడ?"

"సీరియల్లో పెద్దకోడలమ్మా" అన్నాడు ఓనరు కుర్చీలోంచి లేవకుండానే. "నాకు మొదటిరోజే తెలుసు. మా ఇంట్లో మనవడి పరీక్షలని టీవీకి గుడ్డ కప్పేశారు. చెప్పేవాడు దొరికాడు కదాని పంపిస్తున్నా. కాళ్లు లాగింది విన్నాక ఇక ఈ రాత్రి నాకు నిద్రే పట్టదు."

భార్య మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "కాళ్లు లాగిందా? కాళ్ల మీద పడి ఏడ్చిందండీ, క్షమించమని!"

"మరి పాలల్లో పొడి?" అన్నాడు ఓనరు.

"పంచదార అన్నయ్యగారూ. చిన్నకోడలు పూర్తిగా మారిపోయింది. మా చెల్లెలికి నేనే ఫోను చేసి ఆ మాట ఒప్పుకుందామనుకుంటున్నా."

"మొగుణ్ణి గుర్తుపట్టలేదన్నాడే?"

"గుర్తుపట్టింది. అలిగింది."

ఓనరు లేచాడు. ముఖం ఎర్రబడింది. "ఏమయ్యా మాస్టరూ! అబద్ధం చెప్పావు, పోనీలే అనుకున్నా. కథ తప్పు చెబుతావా?"

"అద్దంలోంచి వినపడలేదు సార్" అన్నాడు మాస్టరు, బల్ల మీది చొక్కా కాలరు ముక్కకేసి చూస్తూ.

కాస్త చల్లబడ్డాక ఓనరు తీర్పు చెప్పాడు. కొత్త షాపు మాస్టరుకే. ఆ వీధిలో టీవీలు అమ్మేవాళ్లు లేరు కాబట్టి పని సవ్యంగా సాగుతుంది. ఇక కథంటారా, రేపట్నుంచి క్యారియరు ఆయన భార్యే తెస్తుంది, ఆ దారిలోనే పాత షాపు ఉంది. అమ్మాయి రోజూ ఓ నిమిషం ఇక్కడ ఆగితే చాలు.

ఓ నిమిషం ఎన్నడూ చాలలేదు. గుండీల అక్క ప్రశ్నలు, ఇస్త్రీ మామ అనుమానాలు, ఓనరు నిట్టూర్పులు అన్నీ తీరాక గానీ ఆమె అడుగు బయట పడేది కాదు. వెనక వీధికి వచ్చేసరికి ఆమె గొంతు ఎండిపోయి ఉండేది, క్యారియరు చల్లారిపోయి ఉండేది.

కొత్త కుర్చీలో కూర్చుని మాస్టరు చల్లటి అన్నం కలుపుకుంటూ ఆమె ముఖంలోకి పదేపదే చూసేవాడు. నోరు తెరిచి అడుగుదామంటే, అది పనికిమాలిన సీరియలాయె.