పావుగంటకు సరిపడే బ్యాటరీ

నంద్యాల వర్షపాత నమోదు శాఖలో సీనియర్ అసిస్టెంటు పురుషోత్తం ఆషాఢమాసంలో ఒక బుధవారం ఉదయం, హాజరుపట్టీలో సంతకం పెడుతూ పెడుతూ తక్కువ ధర ల్యాప్‌టాప్‌గా మారిపోయాడు. సంతకం అప్పటికే పూర్తయింది గనుక ఆ రోజుకు ఆయన హాజరైనట్లే నమోదైంది.

శాఖలో ఇది కొత్త సంగతి కాదు. అధికారులు మారితే మంచి మోడళ్లుగా మారతారు. గుమాస్తాల వంతుకు నాలుగు జీబీ మెమరీ, గిరగిర తిరిగే పాత డిస్కు, బలహీనమైన బ్యాటరీ వస్తాయి. ఉద్యోగం మాత్రం పోదు.

ఆయన భార్య సుభాషిణికి శాఖవారు ఒక సంచీ ఇచ్చారు. సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర సంతకం చేసి ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి. ఉదయం పదింటికి మళ్లీ అప్పగించాలి. చార్జరు నలుగురు ఉద్యోగులకు ఒకటి. అది గేటు దాటకూడదు. బయటి చార్జరు వాడితే ఉద్యోగం రద్దు. ఈ నిబంధనల ప్రకారం ఆయన ఇల్లు చేరేసరికి పన్నెండు నిమిషాల చార్జి మిగిలేది. మేలుకోవడానికి ఆయనకు పదకొండు నిమిషాలు పట్టేది.

వంటగట్టు మీద మూత తెరిచిపెట్టి ఆమె ఎదురుగా కూర్చునేది. లోపల ఫ్యాను తిరిగేది. పదకొండో నిమిషం దాటాక తెర మీద ఒక ప్రశ్న కనిపించేది: "తిన్నావా?"

"తిన్నాను. మీకు అక్కడ..." అనేలోపు తెర నల్లబడేది.

ఏడాదికి ఒక భాగం మార్చుకునే వెసులుబాటు ఉంది. ఏది మార్చాలో తేల్చడానికి ఆమె శాఖ మెకానిక్ ఖాదర్ వలి దగ్గరికి వెళ్లింది. అతడు పురుషోత్తాన్ని బోర్లించి, మరలు విప్పి, చాలాసేపు చూశాడు.

"తెర మార్చమంటారమ్మా చానామంది. మార్చినంక చూసేకి బాగుంటాడు. మనిషి మాత్రం ఆ మనిషే."

"ప్రాసెసరో?"

"అది బోర్డుకు అతుక్కొని వచ్చింటాది. పుట్టుకతో వచ్చిన గుణం మాదిరి. దాన్ని కదిలించేకి కాదు."

"నాకు బ్యాటరీ కావాలి ఖాదర్."

అతడు దరఖాస్తు ఫారం ఆమె చేతిలో పెట్టాడు. వినియోగ కారణం అన్న గడిలో అందరూ "కార్యాలయ పనికై" అని రాస్తారు. సుభాషిణికి ఆ ఆనవాయితీ తెలియదు. "ఇంట్లో ఒక పావుగంట మాట్లాడుకోవడానికి" అని రాసింది.

సూపరింటెండెంటు ఆ ఫారాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన కోపిష్టి కాడు.

"ఇంత నిజం రాస్తే నేనేం చేసేదమ్మా? ఆరు దాటినాక ఆయన్ను ఎంత బాగుచేసినా శాఖకు దండగే గదా. యోగ్యం కాదని రాయక తప్పదు."

ఖాదర్ వలి మరో దారి చెప్పాడు. పాత డిస్కు తీసేసి, తిరుగుడు లేని కొత్త డిస్కు వేస్తే ఆయన పది సెకన్లలో మేలుకుంటాడు. బ్యాటరీ అదే అయినా పదకొండు నిమిషాలకు పైగా మిగులుతాయి. ఖర్చుకు ఫలితం దక్కే మార్పు ఇదొక్కటే అని అతడు నిజాయితీగానే అన్నాడు. శాఖ కూడా వెంటనే ఒప్పుకుంది. అంత త్వరగా ఎందుకు ఒప్పుకుందో ఆమె ఆలోచించలేదు.

మొదటి సాయంత్రం ఆయన మూత తెరవగానే మేలుకున్నాడు. తిన్నావా అని అడిగాడు. ఏం కూర అని అడిగాడు. గోంగూర అని చెప్పింది. మన వీధిలో వాన పడిందా అని అడిగాడు. జిల్లాలో ప్రతి చినుకూ నమోదు చేసే మనిషికి తన వీధి సంగతి తెలియదని ఆమెకు అప్పుడే తెలిసింది. కిటికీ తెరిచి చూసి, పడుతోందని చెప్పింది. "ఎట్లా పడుతోంది?" అని అడిగాడు. ఆమె చెబుతూనే ఉంది. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో అంతసేపు ఎదురెదురుగా కూర్చున్న సందర్భం ఆమెకు గుర్తురాలేదు.

అలాంటి సాయంత్రాలు తొమ్మిది గడిచాయి. పదో రోజున శాఖ ఆయన వేగాన్ని గమనించి మరో నాలుగు మండలాల పట్టికలు అప్పగించింది. అప్పటినుంచి ఆయన అర నిమిషం చార్జితో ఇంటికి రాసాగాడు. ఏ భాగం మారిస్తే మనిషి కొంచెం ఎక్కువ మిగులుతాడు, ఏ భాగం మారిస్తే పని మాత్రమే పెరుగుతుంది అన్న ప్రశ్న ఆమెను చాలా రోజులు వదల్లేదు.

"నీకేం వదినా, అర నిమిషమన్నా అడుగుతాడు," అంది పక్కింటి ఈశ్వరమ్మ. "మా ఆయన ఇంకా మనిషే. చెప్పులిడిస్తానే ఆరిపోతాడు."

మరుసటి ఏడు సుభాషిణి ఏ భాగానికీ దరఖాస్తు పెట్టలేదు. ఉద్యోగి జీవిత భాగస్వామిని అనుబంధ పరికరంగా చేర్చుకునే ఫారం ఒకటి ఉందని తెలుసుకుని, దాన్ని నింపింది. కారణం గడిలో ఈసారి "కార్యాలయ పనికై" అని రాసింది. సూపరింటెండెంటు సంతోషంగా సంతకం పెట్టాడు. నలభయ్యో రోజున ఆమె, అరచేతిలో ఇమిడే అదనపు బ్యాటరీగా మారింది.

ఇంటికి చేర్చే మనిషి లేడు గనుక ఇద్దరినీ రాత్రింబవళ్లు కార్యాలయంలోనే ఉంచుతున్నారు. ఒకే బల్ల, మధ్యన జానెడు తీగ. ఆయన తెర మీద మండలాల పట్టికలు వరసగా కదులుతుంటాయి. ఆయన వేడి ఆమెకు తెలుస్తుంది. గోడలోని కరెంటు ఉన్నంతసేపు శాఖకు ఆమెతో పనిలేదు. పోయినప్పుడు మాత్రం పట్టిక ఆగకుండా ఆమె చార్జి తీగలోంచి ఆయనలోకి వెళుతుంది. ఆ కాసేపటి కోసం ఆమె నిండుగా కాచుకుని ఉంటుంది.

నంద్యాలలో ఈమధ్య కరెంటు పోవడం బాగా తగ్గింది.