ఇరవై అడుగుల అయోవా

కూతురి పెళ్ళి సాయంత్రం నాలుగింటికి. ఎనిమిదింటికల్లా కంచె వారన పెరిగిన గడ్డి కోసేసి, గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఆ తరువాత ఎవరే పని చెప్పినా వినబడనట్టు ఓ మూల కూర్చోవాలని వెర్లిన్ స్టకర్ అనుకున్నాడు. అది 1996 జూన్ నెల, శనివారం. ఆకాశంలో మబ్బు తునక లేదు. పెరట్లో వాల్‌నట్ చెట్టు కింద, చర్చి నుంచి అడిగి తెచ్చిన ఎనభై మడత కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి.

వెర్లిన్ పొలం మిస్సోరీ రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉంది. పెరటి కంచె దాటితే అయోవా. ఆ కంచెలో ఎక్కడో నడుమెత్తు ఇనప స్తంభం ఒకటి ఉండేది. ఒకవైపు మిస్సోరీ అనీ, ఇంకోవైపు అయోవా అనీ పోత అక్షరాలు. చిన్నప్పుడు దానిమీద కూర్చుని జామ్ రొట్టె తిన్న గుర్తు తప్ప వెర్లిన్‌కి దానితో వేరే పరిచయం లేదు. పదేళ్ళుగా ముళ్ళతీగలు కమ్మేయడంతో అదొకటుందన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు. వెర్లిన్ మరీ మరిచిపోయాడు. అందుకే గడ్డి కోసే ట్రాక్టరును నిశ్చింతగా వెనక్కి పోనిచ్చాడు.

ఠంగుమని చర్చి గంట కొట్టినంత చప్పుడైంది. స్తంభం వేళ్ళతో సహా లేచి పక్కకు ఒరిగి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మంచుకి తడిసిన గడ్డిమీద వాలులో సర్రున జారింది. కుర్చీలను తప్పించుకుని, వాల్‌నట్ చెట్టును దాటి, అవతల ఆగింది.

"ఏమిటా చప్పుడు?" వంటింటి కిటికీలోంచి భార్య నోరీన్ కేక.

"ఏం లేదు. గంట!"

"ఏం గంట?"

"పెళ్ళిగంట!"

నోరీన్ ఆ సమాధానం గురించి ఆలోచించే తీరికలో లేదు. పొయ్యిమీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. వెర్లిన్ స్తంభం దగ్గరికి వెళ్ళి వంగి, ఎత్తబోయి, నడుములో కలుక్కుమనడంతో అలాగే కాసేపు వంగి ఉండిపోయాడు. చూలు పంది కూడా అంత బరువుండదు. దాన్ని ఇరవై అడుగులు పైకి మోయడం అతని వల్ల కాదు. ట్రాక్టరుకి కట్టి లాగుదామంటే మధ్యలో కుర్చీలు అడ్డం. ఎవర్నన్నా సాయం పిలిస్తే నోరీన్‌కి తెలుస్తుంది. పెళ్ళినాడు గడ్డి జోలికి పోవద్దని ఆవిడ పొద్దున్నే రెండుసార్లు చెప్పింది.

అప్పుడతనికి ఒక ఊహ తట్టింది. మిస్సోరీ ఆ కొస నుంచి ఈ కొసకి మూడువందల మైళ్ళు. అందులో ఇరవై అడుగులు ఎవడిక్కావాలి?

స్తంభం పడ్డచోటే గొయ్యి తవ్వి, గునపంతో మీటి నిలబెట్టి, పందుల కొట్టానికి వాడగా మిగిలిన సిమెంటు పోశాడు. రసమట్టం పెట్టి చూసి అటూ ఇటూ సరిచేశాడు. పైన మట్టి చల్లాడు. పాత గోతిని పూడ్చి దానిమీద పూలతొట్టి పెట్టాడు. చివరికి స్తంభం మెడకు తెల్లటి రిబ్బను ముడివేశాడు.

నోరీన్ బల్లగుడ్డ దులపడానికి బయటికొచ్చి చూసింది. "ఈ స్తంభం ఎక్కడిది?"

"మనదే. తీగలు పీకేశాను. ఫోటోలకి బాగుంటుందని."

"నీకిలాంటివి కూడా తోస్తాయా?" అని ఆశ్చర్యపడి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పాతికేళ్ళ కాపురంలో అంత మెప్పు అతనికి ఎప్పుడూ దక్కలేదు. పదింటిదాకా ఆ సంతోషం నిలిచింది.

పదింటికి అయోవా వైపు నుంచి లవోన్ హోక్‌స్ట్రా వచ్చింది. అవతలి పొలం ఆవిడదే. ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసి, ఇప్పుడు తొమ్మిదిమంది సభ్యులున్న చరిత్ర సంఘాన్ని నడుపుతోంది. వెంట సన్నగా పొడుగ్గా ఒక మనిషి. భుజంమీద మూడుకాళ్ళ పీట, దానిమీద బిగించే దుర్భిణి.

"పెళ్ళి హడావుడిలో ఉన్నావని తెలుసు వెర్లిన్, పది నిమిషాలే. ఈయన ఆన్సెల్ బ్రోడీగారు, సర్వేయరు. సరిహద్దు పొడుగునా పాత స్తంభాలన్నీ చూసుకుంటూ వస్తున్నారు. నీకు ఉత్తరం రాశానుగా?"

ఆ ఉత్తరాన్ని వెర్లిన్ విప్పకుండా ఎక్కడో పెట్టాడు. ఆన్సెల్ రిబ్బను కట్టిన స్తంభాన్ని చూశాడు. పైన కంచెను చూశాడు. పీట నిలబెట్టి, దుర్భిణిలో కన్ను పెట్టి, జేబుపుస్తకంలో ఏవో అంకెలు వేసుకున్నాడు.

"ఇదెప్పట్నుంచీ ఇక్కడే ఉందా?"

"మా తాత కాలం నుంచీ ఇక్కడే."

"మరి కంచె అక్కడుందేం?"

"కంచె తప్పేమోనండీ," అన్నాడు వెర్లిన్. ఒక అబద్ధం కాళ్ళు నొప్పులంటే రెండోది కుర్చీ వేస్తుంది.

లవోన్ కళ్ళు దీపాల్లా వెలిగాయి. "అంటే... ఇరవై అడుగుల అయోవా ఇన్నాళ్ళూ మీ పెరట్లో ఉందా! నూట నలభై ఆరేళ్ళుగా!"

"ఇరవై అడుగులేగా పంతులమ్మగారూ."

"ఇరవై అడుగులేనా? కూర్చో." బడిలో అన్నట్టే అంది. వెర్లిన్ కూర్చున్నాడు. "ఈ గీత కోసం మనవాళ్ళు యుద్ధానికి దిగారు, తెలుసా? 1839లో. మీ మిస్సోరీవాళ్ళు పన్ను వసూలుకి మా వైపు వచ్చారు. మావాళ్ళు ఇవ్వలేదు. మీవాడొకడు మా వైపు మూడు తేనెచెట్లు నరుక్కుపోయాడు."

"మూడు చెట్లకి యుద్ధమా?"

"తేనెచెట్లు! తొర్రలనిండా తేనెపట్లు. అప్పట్లో ఇంట్లో తీపి అంటే అదే. మేం మీ షెరీఫును పట్టుకుని ఖైదులో పెట్టాం. రెండువైపులా సైన్యాలు కదిలాయి. సైన్యమంటే ఏమనుకున్నావ్? గడ్డి ఎత్తే పంగలకర్రలు, నాగలికర్రు కట్టిన గొలుసులు. ఒకాయన సాసేజీలు చేయడానికి మాంసం కూరే గొట్టం పట్టుకొచ్చాడు."

"దాంతో ఏం చేద్దామని?"

"అది ఎవరూ రాసిపెట్టలేదు." లవోన్ విచారంగా అంది. "డిసెంబరు చలిలో మీవాళ్ళు వణుకుతూ ఎదురుచూశారు. చివరికి యుద్ధం లేదు, ఇంటికి పొమ్మన్నారు. అంతదూరం వచ్చి ఊరికే పోవడమేమిటని జింక తొడని రెండు ముక్కలు చేసి, ఒకదానికి మా గవర్నరు పేరు, ఇంకోదానికి మీ గవర్నరు పేరు పెట్టి, తుపాకులతో కాల్చి, సైనిక లాంఛనాలతో పూడ్చిపెట్టారు."

వెర్లిన్ తన భయం మరిచి నోరు తెరిచి విన్నాడు. యాభై రెండేళ్ళుగా ఆ గీత పక్కనే పుట్టి పెరిగి, గడ్డి కోసుకుంటూ బతికిన తనకు ఈ కథ ఒక్కరూ చెప్పలేదే అనిపించింది. "తరువాత?" అన్నాడు.

"తరువాత పదేళ్ళకి సుప్రీంకోర్టు గీత తేల్చింది. ఆ గీతమీద పదేసి మైళ్ళకొకటిగా పాతిన స్తంభాల్లో ఇదొకటి. అంత పెద్ద స్తంభం ఇది. దీనికి నువ్వు రిబ్బను కట్టావు. నీ మనసు మంచిది వెర్లిన్. మీ ఫోను ఒకసారి వాడుకోనా?"

వెర్లిన్ వద్దనేలోపు ఆవిడ వంటింట్లో ఉంది. తొమ్మిదిమంది సభ్యులకీ ఫోను వెళ్ళింది. ఆ తొమ్మిదిమందికీ చుట్టాలున్నారు. పన్నెండింటికల్లా అయోవా నుంచి పదకొండు కార్లు వచ్చాయి. ఎవరో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' రొట్టె తెచ్చారు, ఇంకెవరో అయోవా జెండా తెచ్చారు. చెట్టుకీ కంచెకీ మధ్య జెండా పాతి దానిచుట్టూ ఫోటోలు దిగారు. పెళ్ళికి ముందుగా వచ్చిన మిస్సోరీ చుట్టాలకు అది నచ్చలేదు.

"వాళ్ళు మన కుర్చీల్లో కూర్చున్నారు," అంది నోరీన్ అన్నగారి భార్య.

"మన కుర్చీలా? ఏ రాష్ట్రంలో ఉన్నాయో చూసుకో అమ్మా," అన్నాడొక అయోవా పెద్దాయన, చెర్రీ రొట్టె తింటూ.

"మా రాష్ట్రంలోంచి తెచ్చిన మా చర్చి కుర్చీలివి!" అందావిడ.

వెర్లిన్ మెల్లగా పందుల కొట్టంవైపు జారుకోబోయాడు. అంతలో పాస్టర్ గిడియన్ క్రాబ్ వచ్చారు. చేతిలో నల్లసంచి, అందులో పెళ్ళి లైసెన్సు. జెండా చూశారు. సంగతి విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నోరీన్‌గారూ, ఇది మిస్సోరీ లైసెన్సు. మిస్సోరీలోనే చెల్లుతుంది. ఈ చెట్టు అయోవాలో ఉంటే నేను దీనికింద ఎవరికీ పెళ్ళి చేయలేను."

"పోనీ ఇంట్లో చేయండి."

"ఇల్లు ఎక్కడుందండీ?" పాస్టరు సర్వేయరుని అడిగారు.

ఆన్సెల్ జేబుపుస్తకం వంక చూసి, "లెక్క పూర్తిగా సరిచూసుకోకుండా చెప్పలేను. సోమవారం తేలుతుంది," అన్నాడు.

సోమవారం దాకా ఆగడానికి వీల్లేదు. పెళ్ళికొడుకు కెంట్ సైన్యంలో ఉన్నాడు. సోమవారం తెల్లారి జర్మనీకి బయలుదేరాలి. మళ్ళీ వచ్చేది ఏడాదిన్నరకి. చర్చిలో చేద్దామంటే అక్కడ నేల మరమ్మతులో ఉంది. అయోవా లైసెన్సు తీసుకుందామంటే అక్కడ మూడు రోజులు ఆగాలి. ఈ గొడవంతా విని పెళ్ళికూతురు ట్వైలా తెల్లగౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సగం జుట్టు దువ్వి ఉంది, సగం లేదు.

"నాన్నా, ఏమైంది? నా పెళ్ళి ఆగిపోతుందా?"

వెర్లిన్‌కి పొద్దున్న ఇరవై అడుగులు చాలా చిన్నవిగా కనబడ్డాయి. ఇప్పుడు వాటికి అటుపక్క కూతురు నిలబడి ఉంది. అతను టోపీ తీసి రొమ్ముకి ఆనించుకున్నాడు.

"అందరూ వినండి. తప్పు నాది. ఆ స్తంభాన్ని పొద్దున్న ట్రాక్టరుతో పడగొట్టాను. అది జారి అక్కడ ఆగింది. ఎత్తలేక అక్కడే పాతేశాను. అసలు గొయ్యి ఆ పూలతొట్టి కింద ఉంది. చెట్టు మిస్సోరీదే. ఇల్లు మిస్సోరీదే. పంతులమ్మగారూ, మిమ్మల్ని ఇంత ఆశపెట్టినందుకు క్షమించండి."

లవోన్ ముఖం వాడిపోయింది. అయోవా పెద్దాయన చెర్రీ రొట్టె పళ్ళెం కింద పెట్టేశాడు. నోరీన్ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఎంత ప్రమాదమో అక్కడున్న చుట్టాలందరికీ తెలుసు. ట్వైలా మాత్రం పరుగున వచ్చి తండ్రి మెడ వాటేసుకుంది. "ఇంత చిన్న ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా నాన్నా!" అని ఏడుస్తూ నవ్వింది. పాస్టరు లైసెన్సు బయటికి తీశారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకి ముందు వరసలో కునుకు తీస్తున్న ఓపల్ అత్తకి మెలకువ వచ్చింది. ఆవిడ వెర్లిన్‌కి మేనత్త. డెబ్భై నాలుగేళ్ళు, చెవి కాస్త మందం.

"ఏమైందర్రా?"

"నాన్న సరిహద్దు స్తంభం పడగొట్టి తప్పుచోట పాతాడు అమ్మమ్మా!" ట్వైలా చెవిలో అరిచింది.

"మళ్ళీనా?" అంది ఓపల్ అత్త.

అందరూ ఆవిడవైపు తిరిగారు.

"మళ్ళీ అంటే ఏంటత్తా?" వెర్లిన్ గొంతు పీలగా వచ్చింది.

"ఒరే వెర్లినూ, దాన్ని మీ తాత ఒకసారి కదిపాడు కదరా. ముప్ఫై ఒకటిలో. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అయోవాలో ఆవుల యుద్ధం జరిగిందే, ఆ ఏడు."

"ఆవుల యుద్ధమా?" అంది లవోన్, మళ్ళీ ప్రాణం వచ్చి.

"ఆఁ. ప్రతి ఆవుకీ క్షయ ఉందేమో సూది గుచ్చి చూస్తామని ప్రభుత్వం పశువైద్యుల్ని పంపింది. రైతులు వాళ్ళని బురద విసిరి కొట్టారు. గవర్నరు ఏకంగా పటాలాన్ని దింపాడు. మా పశువులపాక ఈ చెట్టు పక్కనే ఉండేది, అయోవా వైపు. మా ఎర్రావు దగ్గుతుండేది. దాన్ని పట్టుకుపోతారని నాన్నకి బెంగ. ఓ ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా కంచర గాడిదల్ని కట్టి స్తంభాన్ని పెరికి, అదిగో ఆ పైకి లాక్కుపోయి పాతాడు. కంచె కూడా మార్చేశాడు. నేను గాడిద మీద కూర్చున్నా. మర్నాడు వైద్యుడు వస్తే, 'అయ్యా, ఇది మిస్సోరీ, మీరు పొరపాటున రాష్ట్రం దాటారు' అన్నాడు. పాపం, ఆయన టోపీ తీసి క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోయాడు."

"ఆవు?" అన్నాడు కెంట్.

"ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. దుమ్ము పడక దగ్గేదిట."

ఆవిడ చేతికర్ర ఊతగా లేచి, వాల్‌నట్ చెట్టును దాటి, రిబ్బను ఉన్న స్తంభం దగ్గరికి నడిచి వెళ్ళింది. కర్రతో దాని మొదలు దగ్గర పొడిచి చూపించింది. "మొదట ఇక్కడే ఉండేది. సరిగ్గా ఇక్కడే."

ఆన్సెల్ బ్రోడీ గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గరున్న 1850 నాటి కొలతకి ఇది బెత్తెడు తేడాలో ఉంది. పొద్దున్నే చూశాను. కానీ సిమెంటు ఇంకా తడిగా ఉంది. కొలత సరిపోయి, సిమెంటు తడిగా ఉండటం నేనెక్కడా చూడలేదు. అందుకే సోమవారం దాకా ఆగుదామన్నాను."

లవోన్ వెర్లిన్ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పాస్టరు లైసెన్సు మళ్ళీ సంచిలో పెట్టారు. ఇప్పుడైతే సందేహమే లేదు. చెట్టు అయోవాలో ఉంది. కుర్చీలన్నీ అయోవాలో ఉన్నాయి. కేకు అయోవాలో ఎండకి కరుగుతోంది. ఇంట్లో ఇంతమంది పట్టరు. స్తంభానికి ఇవతల మిస్సోరీలో చదునుగా మిగిలింది ఒక్క పందుల కొట్టం ముందు జాగానే.

"కుర్చీలెత్తండి!" అంది నోరీన్. గంటసేపట్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

రెండు రాష్ట్రాలవాళ్ళూ తలా ఒక కుర్చీ ఎత్తారు. చెర్రీ రొట్టె తిన్న పెద్దాయన నాలుగెత్తాడు. నాలుగున్నరకి, పందులు కొట్టం తడికల సందుల్లోంచి ముట్టెలు పెట్టి చూస్తుండగా, ట్వైలాకీ కెంట్‌కీ మిస్సోరీలో పెళ్ళయింది. "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అని పాస్టరు అడిగినప్పుడు ఓ పంది గుర్రుమంది. ఆయన కాసేపు ఆగి, అది అభ్యంతరం కాదని తేల్చుకుని, ముందుకు సాగారు.

భోజనాలు చెట్టునీడలో, అయోవాలో పెట్టారు. నోరీన్ భర్త పళ్ళెంలో మాంసం ముక్క ఒకటి ఎక్కువే వేసింది. అతను దాన్ని క్షమాపణ పత్రంలా అందుకున్నాడు. దుర్భిణి పెట్టెలో సర్దుకుంటున్న ఆన్సెల్ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఓపల్ అత్త మాట విన్నప్పటినుంచీ వెర్లిన్‌ని ఒక సందేహం తొలుస్తోంది.

"ఒక మాట అడగనా సర్వేయరుగారూ? మాలాగా స్తంభాల్ని కదిపినవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారాండీ?"

ఆన్సెల్ పెట్టెమూత బిగించి, పట్టీ లాగి కట్టాడు.

"ఈ వేసవిలో ఇప్పటికి తొమ్మిది స్తంభాలు చూశాను. సరైన చోట ఉన్నది ఇదొక్కటే."