ఊపిరాడే టిక్కు

"శాంతా ఫిలోమెనా రేవులో ఈ రోజుతో కాగితం చచ్చిపోయింది!" అని ఇంజనీరు లియోన్సియో బర్దాలెస్ గారు ప్రకటించినప్పుడు మొదట చప్పట్లు కొట్టినవాణ్ని నేనే. అది నా ఉద్యోగంలో భాగం. ఊరి మైకు నా చేతిలో ఉంటుంది. మైకు మునిసిపాలిటీది, గొంతు మాత్రం నాది. పుట్టినరోజులు, తప్పిపోయిన పందులు, పోయినవాళ్ల పేర్లు, ప్రభుత్వ ప్రకటనలు అన్నీ ఒకే గొంతుతో చదువుతాను కాబట్టి నిష్పక్షపాతినని నాకు పేరు.

ఇంజనీరుగారు ఇకీటోస్ నగరం నుంచి మా దగ్గరికి బదిలీ మీద వచ్చిన మహానుభావులు. హోదా, డిజిటల్ ప్రయాణ ఆరోగ్య ప్రాంతీయ డైరెక్టర్. ఏం కట్టిన ఇంజనీరో ఎవరూ అడగలేదు. ఉకయాలి నది వెంబడి చొక్కా టక్ చేసుకున్న ప్రతివాణ్నీ మేం ఇంజనీరనే పిలుస్తాం.

చౌకులో బ్యాండు పెట్టారు. వేదిక మీద ప్లైవుడ్డుతో చేసిన నిలువెత్తు ఫోను నిలబెట్టారు. దాని మధ్యలో ఆకుపచ్చ టిక్కు.

"ఇన్నాళ్లూ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారనడానికి మీ దగ్గరున్న రుజువేమిటి? ఒక పసుపుపచ్చ కార్డు! తడిస్తే చిరుగుతుంది, ఎలకలు కొరుకుతాయి. ఇకమీదట మీ టీకా ఆకాశంలో ఉంటుంది!" అన్నారు ఇంజనీరుగారు.

జనమంతా ఆకాశంలోకి చూశారు. అక్కడ మబ్బు పట్టి ఉంది. ఒకావిడ ఆరేసిన బట్టలు గుర్తొచ్చి లేచి వెళ్లిపోయింది.

యాప్ పేరు "మి రియో", అంటే నా నది. లాంచీ ఎక్కే ప్రతి మనిషీ ఫోనులో ఆకుపచ్చ టిక్కు చూపించాలి. ఆ టిక్కు పెద్దదవుతూ చిన్నదవుతూ ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతూ ఉంటుంది. దాన్ని ఫొటో తీసి దాచుకుంటే చెల్లదు.

"ఫొటో అంటే శవం. మనకు కావలసింది బతికున్న టిక్కు," అని వివరించారు.

ఆరోగ్య కేంద్రం నర్సు నోయెమీ లచూమా చెయ్యెత్తింది. "ఇంజనీరుగారూ, మన ఊళ్లో జనరేటరు చీకటి పడ్డాకే వేస్తారు. సెల్ టవరుకు ప్రాణం వచ్చేది అప్పుడే. లాంచీ బయల్దేరేది పొద్దున కదండీ?"

"అద్భుతమైన ప్రశ్న," అన్నారు ఇంజనీరుగారు, నా వైపు తిరిగి బ్యాండు మొదలుపెట్టించమని సైగ చేశారు. ఇంత క్లుప్తంగా జవాబు చెప్పగల అధికారిని నేను అంతకుముందు చూడలేదు.

కొత్త విధానం కింద మొదటి లాంచీ ఆ గురువారం వచ్చింది. హెర్మెలిండా తువానామా అందరికంటే ముందే మూట పట్టుకుని వరసలో నిలబడింది. ఆవిడ రేవులో ఆకులో చుట్టిన అన్నం ముద్దలు అమ్ముతుంది, లోపల కోడిముక్క పెట్టి. ఆవిడ కూతురు డెల్సీ ఇకీటోస్‌లో నెలలు నిండి ఆస్పత్రిలో ఉంది. బీపీ తగ్గడం లేదని, ఏ రోజైనా కడుపు కోయాల్సి రావచ్చని డాక్టర్లు అన్నారట. అల్లుడు కలప కొట్టడానికి నది ఎగువ అడవికి పోయి నెలయింది, వాడి దగ్గర్నుంచి కబురు లేదు. అక్కడ ఆ పిల్ల పక్కన మనిషంటూ లేదు.

గేటు దగ్గర గార్డు రోసెండో కొత్త టోపీ పెట్టుకుని నిలబడ్డాడు.

"టిక్కు చూపించు పెద్దమ్మా."

ఆవిడ కార్డు చూపించింది. తర్వాత భుజం మీది గుడ్డ తొలగించి చెయ్యి చూపించింది. "ఇదిగో, ఇక్కడే వేసింది. వేసినావిడ ఇక్కడే ఉంది, అడుగు."

"నేనే వేశాను రోసెండో. ఒక్కసారి వేస్తే బతికున్నంతకాలం చాలు," అంది నోయెమీ.

"చేతికి వేశావమ్మా, కాదనడం లేదు. ఫోనుకు వెయ్యలేదుగా?"

అప్పుడే లాంచీలోకి పందులు ఎక్కుతున్నాయి. హెర్మెలిండా వాటి వంక చూసింది. "వాటికి టిక్కు అక్కర్లేదూ?"

"అవి ప్రయాణికులు కాదు పెద్దమ్మా, సరుకు."

"అయితే నన్నూ సరుకు కింద రాసుకో. ఆ పందుల పక్కనే కూచుంటా, నోరెత్తితే ఒట్టు."

రోసెండో కాసేపు నిజంగానే ఆలోచించాడు. ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. పక్కనున్న ఇంజనీరుగారి వైపు ఆశగా చూశాడు.

"సరుకుకు వేరే యాప్ వస్తోంది," అన్నారు ఇంజనీరుగారు మృదువుగా.

వరసలో ఉన్న మిగతావాళ్ల ఫోనుల్లోనూ టిక్కు రాలేదు. తెర మధ్య చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది. కొంతమంది పడవ వేసుకుని నది వంపు దగ్గర లాంచీకి ఎదురెళ్లారు గానీ, లైసెన్సు పోతుందని కెప్టెను తాడు వెయ్యలేదు. లాంచీ అరటిగెలలతో, పందులతో, ఇంజనీరుగారి మొదటి నివేదికతో వెళ్లిపోయింది. టిక్కు లేని ఒక్క మనిషి కూడా ఎక్కలేదని ఆ నివేదికలో ఉంది. అందులో అబద్ధమేమీ లేదు.

హెర్మెలిండా మూట మీదే కూచుండిపోయింది. అన్నం ముద్దలు ఇంటి దగ్గర వదిలేసి వచ్చింది కాబట్టి అమ్ముకోవడానికి కూడా ఏమీ లేదు.

"అన్నయ్యా," అంది నన్ను చూసి, "నువ్వు మైకులో ఏదైనా చెప్పగూడదూ?"

"ఏం చెప్పమంటావు?"

ఆవిడ మూట భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

ఇంజనీరుగారు మాత్రం ఊరికే కూర్చోలేదు. రేవు ఆఫీసు మీద డిష్షు పెట్టించారు. పగటిపూట దానికి కరెంటు కావాలి. ఊరంతా తిరిగి, పగలు కూడా నడిచే వస్తువు ఒక్కటే ఉందని కనిపెట్టారు. అది ఆరోగ్య కేంద్రంలో టీకాలుండే ఫ్రిజ్జు. దానికోసం కేంద్రం కప్పు మీద సోలారు పలకలున్నాయి.

పలకలు విప్పడానికి మనుషులొచ్చినప్పుడు నోయెమీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను ప్రకటన కోసం వివరాలు రాసుకోవడానికి అక్కడే ఉన్నాను.

"ఇవి తీసేస్తే టీకాలు పాడవుతాయండీ. మధ్యాహ్నానికల్లా ఆ సీసాల్లో ఉండేది ఉత్త నీళ్లే."

"అమ్మా నోయెమీ," అన్నారు ఇంజనీరుగారు ఎంతో ఓపిగ్గా, "నీ ఫ్రిజ్జులో ఏముందో పైవాళ్లకు కనిపిస్తుందా?"

"కనిపించదు."

"టిక్కు కనిపిస్తుందా?"

ఆవిడ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మరి ప్రభుత్వం అన్నాక కనిపించేదానికి కదమ్మా కరెంటివ్వాలి!"

పలకలు రేవుకు వెళ్లాయి. రిబ్బను కట్ చేశారు. ఫ్రిజ్జు ఖాళీగా ఉంచడం బాగుండదని ఇంజనీరుగారు తన ఫైళ్లు అందులో సర్దించారు. తేమ తగలదట. "ప్రాంత చరిత్రలో తొలిసారిగా సూర్యుడు డిజిటల్ సేవలో" అని నేను మైకులో చదివాను. ఆ వాక్యం నాదే, ఇంజనీరుగారికి చాలా నచ్చింది.

రెండో లాంచీకి ముందురోజు ఊరంతా రేవు ఆఫీసు ముందు వరస కట్టింది. ఈసారి సిగ్నలు దివ్యంగా ఉంది. హెర్మెలిండాది బటన్ ఫోను కాబట్టి ఆవిడ పేరు నా ఫోనులో ఎక్కించడానికి ఒప్పుకున్నాను. ఇంజనీరుగారు స్వయంగా వెతికారు.

"రికార్డు లేదు."

"లేకపోవడమేమిటయ్యా? కార్డుంది, చెయ్యుంది, వేసిన నర్సుంది!"

"అవన్నీ డిజిటల్ పూర్వయుగానివమ్మా. కొత్తగా వేయించుకోవాలి."

"రెండోసారి అవసరం లేదు. శరీరానికి ఒక్కటి చాలు," అంది నోయెమీ.

"శరీరానికి చాలు. సిస్టమ్‌కు చాలదు."

"పోనీ వేద్దామన్నా టీకా లేదు. ఉన్నదంతా చెడిపోయింది. చెడిపోయిన మందు నేను ఒక్కళ్లకు కూడా గుచ్చను."

ఇంజనీరుగారు కళ్లు మూసుకుని క్షణం ఆలోచించారు. గొప్పవాళ్లకు గొప్ప ఆలోచనలు ఎలా వస్తాయో దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

"సిస్టమ్ సూది అడగడం లేదు. సీసా మీది నంబరు అడుగుతోంది. సీసా ఉందా?"

"సీసా ఉంది."

"మీద నంబరుందా?"

"ఉంది."

"నంబరు చెడిపోయిందా?"

"నంబరెలా చెడిపోతుందండీ?"

"మరింకేం!" అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

నోయెమీ సంతకం పెట్టనంది. ఆవిడ డిజిటల్ సంతకం యాప్‌లో ముందే పెట్టి ఉందని, శ్రమ అక్కర్లేదని చెప్పారు. ఆవిడ ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

హెర్మెలిండా పేరు మీద టిక్కు వెలిగింది. నా అరచేతిలో పెద్దదవుతూ చిన్నదవుతూ ఊపిరి తీసుకుంది. ఆవిడ దానికేసి చూసి, "ఇంతేనా?" అంది. ఆ వెంటనే ముక్కు చీదుకుని, "ఇంతేనా అన్నయ్యా? దీనికోసమా నేను ఆగిపోయింది?" అంది.

ఆవిడ వెనకాల ఎల్మెర్ సంగామా ఉన్నాడు. కలప పనివాడు, ఏనుగంత మనిషి, సూదంటే మాత్రం చచ్చే భయం. ఎన్నేళ్లుగానో నోయెమీ కనబడితే సందు మార్చేవాడు. టిక్కు రాగానే గట్టిగా నవ్వాడు. "ఇలాంటి టీకా అయితే రోజూ వేయించుకుంటానండి ఇంజనీరుగారూ! కుక్కకు కూడా వేయించనా?"

అందరూ నవ్వారు. ఇంజనీరుగారు కూడా నవ్వారు. సాయంత్రమయ్యేసరికి శాంతా ఫిలోమెనాలో నూటికి నూరు మందికీ టీకా అయిపోయింది, ఒక్క పసిబిడ్డ కూడా ఏడవకుండా.

మర్నాడు హెర్మెలిండా నా ఫోను తీసుకుని లాంచీ ఎక్కింది. నేను ఇంతవరకూ ఇకీటోస్ చూడలేదు, నా ఫోను చూసింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం నోయెమీ ఫోనుకు ఆవిడ కాల్ చేస్తే నన్ను పిలిచారు.

"మనవడు పుట్టాడన్నయ్యా. నేను వచ్చేసరికే పుట్టాడు. కడుపు కోసేటప్పుడు పిల్ల నన్నే పిలిచిందట. పక్క మంచం ఆవిడెవరో చెయ్యి పట్టుకుందట, పేరు కూడా తెలీదు."

"ఇద్దరూ క్షేమమేగా?"

"క్షేమమే. మైకులో చెప్పు. ఇంజనీరుగారికి కూడా ఒక మాట చెప్పు. వాడికింకా టిక్కు రాలేదు. పుట్టాడని నమ్మొచ్చా, ఆగమంటారా, కనుక్కో."

మొదటి సగం మైకులో చదివాను. రెండో సగం ప్రకటనల పరిధిలోకి రాదు.

మా దగ్గర ఊరికొక జిల్లా. నూటికి నూరు సాధించిన తొలి జిల్లా మాదే అయినందుకు ఇంజనీరుగారికి రాజధాని లీమా నుంచి జ్ఞాపిక వచ్చింది. కొత్త టీకాలు పంపమని నోయెమీ ఇకీటోస్‌కు రాసిన ఉత్తరానికి కూడా జవాబొచ్చింది. "మీ జిల్లాలో టీకా అవసరమున్న మనిషి మిగల్లేదు. అభినందనలు."

ఆ నెలాఖర్లో కలప శిబిరం నుంచి ఎల్మెర్‌ను పడవలో తీసుకొచ్చారు. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. నల్లగా వాంతి చేసుకున్నాడు. నోయెమీ రెండు రోజులు అతని పక్కనే కూర్చుంది. సెలైను సూది గుచ్చుతుంటే అతను తల పక్కకు తిప్పుకుని, "నెమ్మదిగా అక్కా, నెమ్మదిగా," అన్నాడట. మూడో రోజు పోయాడు. జేబులోంచి ఫోను తీసి వాళ్లమ్మకిస్తే, తెర మీద టిక్కు ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంది.

అతని పేరు మైకులో చదివాను. కారణం చదవలేదు. అందరికీ టీకా అయిన ఊళ్లో ఎల్లో ఫీవర్ ఉండే అవకాశం లేదని ఇంజనీరుగారు రాతపూర్వకంగా ఇచ్చారు.

నోయెమీ మళ్లీ ఇకీటోస్‌కు రాసింది. వేసినవాళ్లకే మళ్లీ వేయడం ప్రజాధనం దుర్వినియోగమని జవాబు. జనం తలుపులు వేసుకుని దోమతెరల్లో కూర్చున్నారు. ఎల్మెర్ వాళ్లమ్మ రోజూ రేవు ఆఫీసు మెట్ల మీదికి వచ్చి, ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఇంజనీరుగారు వెనక గుమ్మం వాడటం మొదలుపెట్టారు.

ఇలాంటి సమయంలోనే నాయకుల నిబద్ధత బయటపడుతుంది. ఆయన ఒక ప్రకటన రాసిచ్చారు. పక్క జిల్లా పుయెర్తో అంపారోలో ఇప్పటికీ డిష్షు లేదు, యాప్ లేదు. అక్కడి నర్సు టీకాలు ఐసు పెట్టెలో పెట్టుకుని కార్డు మీద కలంతో రాస్తుందట. అంతటి వెనుకబాటుతనాన్ని కళ్లారా చూసి అధ్యయనం చేయడానికి ఇంజనీరుగారు ప్రాణాలకు తెగించి, ఒంటరిగా, స్పీడు బోటులో బయల్దేరుతున్నారు.

"నేనూ రానా సార్, ఫొటోలకు?" అన్నాను.

"ఫొటోలు వద్దు," అన్నారు.

నాలుగు రోజులకు తిరిగొచ్చారు. ఊరి తరఫున స్వాగతం చెప్పడానికి నేను మైకుతో దిగాను. బ్యాండు వాయిస్తోంది. గట్టు మీద నోయెమీ నిలబడింది, ఆ పక్కన ఎల్మెర్ వాళ్లమ్మ. రాత్రి వానకు రేవు మెట్లు జారుతున్నాయి. ఇంజనీరుగారు బోటులోంచి కాలు పెట్టబోయి తూలారు. పడిపోతారేమోనని నేను మైకు ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో ఆయన ఎడమ భుజం గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బా! ఆ చెయ్యి కాదయ్యా!" అని అరిచారు. "సూది వేయించుకున్న చెయ్యి అది!"

మైకు ఆన్‌లో ఉంది. స్పీకర్లు ఊరి నాలుగు వైపులా ఉన్నాయి.