వావివరసలు లేని జింక

"సైగా జింకల జన్యు వివరాలను త్వరలో యావత్ ప్రపంచానికీ విడుదల చేస్తున్నాం" అని కజకిస్తాన్ రాజధాని అస్తానాలో మంత్రి ఒరిన్‌బాయ్ గారు ప్రకటించారు. జన్యువులంటే ఏమిటో ఆయనకు అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. అయినా ప్రకటించారు. నాయకత్వమంటే అదీ.

ఆ మాట నమ్మి సంబరపడిన పిచ్చిది పశువైద్యురాలు రబీగా ఒక్కతే. కిందటి వసంతంలో, ఈనడానికి ఒకచోట చేరిన జింకలు ఆమె కళ్లముందే రోగమొచ్చి కుప్పకూలాయి. చచ్చిన తల్లుల పొదుగులు చీకుతూ పిల్లలూ పోయాయి. సర్కారు కంచెలో మిగిలింది ఒక్క మంద. వివరాలు నెట్‌లో పెడితే దేశదేశాల ల్యాబులూ తలో చెయ్యి వేసి టీకా కనిపెడతాయని ఆమె ఆశ.

విడుదలకు ముందు మంత్రిగారు రబీగా రాసిన నివేదిక చదివారు. అంటే, చదివించుకున్నారు.

"దగ్గరి బంధుత్వం ఎక్కువని రాశావు. ఏంటమ్మాయ్ అది?"

"మంద చిన్నదైపోయింది కదండీ. అన్నీ ఒక్కింటివే. వాటిలో అవే జతకడుతున్నాయి. అందుకే రోగాన్ని తట్టుకోలేకపోతున్నాయేమో."

మంత్రిగారి చేతిలో గుర్రప్పాల గిన్నె గాల్లోనే ఆగింది. "ఏడు తరాల లోపలే?"

"రెండు తరాల లోపలేనండీ."

పక్కనున్న తెల్లగడ్డం సలహాదారు దౌలెత్ చెవులు మూసుకున్నాడు. ఏడు తరాల తాతల పేర్లు అప్పజెప్పలేనివాణ్ణి అనాథ కింద జమకట్టే దేశం అది. ఆ ఏడు తరాల్లో పెళ్లి మాటెత్తితే ఊరు వెలేస్తుంది.

"ఇది నెట్‌లో పెడితే పక్కదేశం కిర్గిజ్‌వాళ్లు నవ్వరూ?" అన్నాడు దౌలెత్.

"జింకలండీ అవి. వాటి తాతలెవరో వాటికేం తెలుసు?"

"తెలియకపోతే చెప్పాలి. డాక్టరువి నువ్వెందుకున్నావు?" అన్నారు మంత్రిగారు.

పెద్దమనుషుల కమిటీ కూర్చుంది. గుర్రపుమాంసం ఉడికేలోపే తీర్పొచ్చింది. మంద నడవడి చక్కబడేదాకా విడుదల లేదు. పోతుల్ని కంచెకు ఇటూ, ఆడవాటిని అటూ ఉంచాలి.

"పోనీ, బయటి మందనుంచి పోతుల్ని తెప్పించండి" అని రబీగా బతిమాలింది.

"ఏ తెగవో కనుక్కోకుండానా?" అన్నారు మంత్రిగారు.

"ఈ చలికాలం జతకట్టకపోతే వసంతానికి పిల్లలుండవండీ."

"పరువుకంటే పిల్లలెక్కువటమ్మా?" అన్నాడు దౌలెత్.

వసంతం వచ్చింది. కంచె పక్కనే డేరా వేసి, విలేకరులకు విందు పెట్టి, మంత్రిగారు నివేదిక విడుదల చేశారు. బంధుత్వం మాట ఉన్న పుటలన్నీ తీసేస్తే అట్ట మిగిలింది. అట్టమీద మంత్రిగారి ఫోటో ఉంది. దాన్ని నెట్‌లో పెట్టారు.

తర్వాత ఆయన రబీగాను వేదికమీదికి పిలిచి మైకు చేతికిచ్చారు.

"నిరుడు వేలల్లో పోయాయి. ఈ వసంతం రోగంతో ఎన్ని పిల్లలు చచ్చాయో నువ్వే చెప్పు తల్లీ."

రబీగా పిల్లలు పుట్టే మైదానం వైపు చూసింది. నిరుడు కాలు పెట్టే చోటు లేదక్కడ. ఇప్పుడు గడ్డి బాగా పెరిగింది.

"ఒక్కటీ లేదండీ" అంది.

డేరా అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు సన్మానాల్లో కప్పే పొడుగు అంగీ, జరీ చపాన్ తెప్పించి స్వయంగా ఆమె భుజాలమీద కప్పారు.