వీపు మీద జేబు

"ఈ ఊళ్లో నేరం ఇంకా ఊపిరి పీలుస్తోందంటే కారణం ఒక్కటే, బామ్మర్దీ. నేనింకా స్నానం చెయ్యలేదు."

ఈ ప్రకటన చేసేటప్పటికి మా అక్క మొగుడి భుజాన తువ్వాలు, నోట్లో బ్రష్షు ఉన్నాయి. నురగ వచ్చి నా చొక్కా మీద పడింది. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ఉద్యోగం గుమాస్తాగిరీ. సెలవు రోజుల్లో, అంటే ఆఫీసుకి వెళ్లబుద్ధి కాని రోజులన్నిట్లోనూ, అపరాధ పరిశోధన. ఇంతవరకూ ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క దొంగని. ఆ దొంగ మా ఇంటి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చాడని తరవాత తెలిసింది.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చుతప్పులు పట్టడం నా బతుకుతెరువు, మనుషుల తప్పులు పట్టడం ఆయన సరదా. గాలివానకి స్తంభాలు కూలి వీధికంతా కరెంటు పోయింది. ప్రెస్సు మూతపడింది. దాంతో నేను ఆయన చేతికి చిక్కాను.

అప్పుడే టైలరుగారి భార్య ఒక స్కూలు చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది చూడండి. మా ఆయన జేబు ఎక్కడ కుట్టారో!"

జేబు వీపు మీద ఉంది. చక్కగా, మధ్యలో.

"నిన్న ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే పెట్టారు. ఇదేంటండీ అంటే నవ్వుతారు. కాసేపటికి తలనొప్పి, వాంతులు. ఇంటికొస్తే మామూలైపోతారు. నాకూ కొట్లో కూర్చుంటే తల తిరుగుతోంది. బడి తెరిచేలోగా చొక్కాలివ్వకపోతే ఆర్డరు ఇంకొకళ్లకి పోతుంది."

బావ నోట్లోంచి బ్రష్షు తీశాడు.

"సంకేతం! వీపు మీద జేబంటే, వెనక నుంచి దాడి. రెండు ఎడమ చేతులంటే, ఎడమ సందులో కలుద్దాం. మీ ఆయనకి మత్తుమందు పెట్టి, ఆయన చేత రహస్య సందేశాలు కుట్టిస్తోంది ఒక అంతర్జాతీయ ముఠా."

"ఒకటో తరగతి పిల్లల చొక్కాల మీదా?" అన్నాను.

"అక్కడే ఉంది వాళ్ల తెలివి. ఎవడికీ అనుమానం రాదు."

"జేబులో చెయ్యి పెట్టుకోబోయిన పిల్లాడికి రాదా?"

ఆయన బ్రష్షు నా చేతిలో పెట్టాడు. స్నానం కూడా చెయ్యకుండా బయల్దేరాడు, వెనక నేనూ టైలరు భార్యా.

టైలరు కొట్టు సొరంగంలా ఉంటుంది. ముందు గదిలో రెండు మిషన్లు, జల్లు కొట్టకుండా సగం దించిన షట్టరు. వెనక చిన్న గదిలో బట్టల తానులు, వాటి మధ్య అద్దెకి తెచ్చిన జనరేటరు. ఎవరైనా ఎత్తుకుపోతారని పెరటి తలుపుకి గడియ పెట్టారు. వైరు పట్టేటంత సందు వదిలి మధ్య తలుపు దగ్గరకి వేశారు. జనరేటరు రోదకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అది భరించలేక టైలరుగారి మామగారు బయట మెట్ల మీద, చూరు కింద కూర్చుని కాజాలు కుట్టుకుంటున్నారు.

"మీకు శత్రువులున్నారా?" బావ అరిచాడు.

"షర్టులా? అటు మూల ఉన్నాయి!" టైలరు కూడా అరిచాడు. ఆయన కళ్లు సగం మూతలు పడుతున్నాయి. మొహం నిండా నవ్వు.

"విషం! మీకెవరో విషం..."

"విశేషాలేమున్నాయండీ! అంతా మామూలే!"

బావ భూతద్దంతో గోడలన్నీ వెతికాడు. వెనక గదిలో పైన చిన్న వెంటిలేటరు కనిపించేసరికి ఆయన మీసం నిక్కబొడుచుకుంది. స్టూలెక్కి, ఒక తాను గుడ్డంతా దాంట్లో కుక్కేశాడు.

"ముఠాకి సందేశాలు వెళ్లే దారి ఇదే. ఇక ఇక్కణ్ణుంచి చీమ కూడా బయటికి పోదు!"

తరవాత మామగారిని లోపలికి పిలిపించాడు. నేరస్థుడు తప్పించుకోకుండా షట్టరు పూర్తిగా దించమన్నాడు. నేను దించాను. అప్పటికే నా తల పగిలిపోతోంది. బావ పక్కనుంటే తలనొప్పి రావడం నాకు అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.

బావ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు. నడక కొంచెం తూలింది.

"ఈ కొట్లో అందరూ మత్తులో ఉన్నారు, ఒక్కరు తప్ప. అందరి కుట్టూ వంకర, ఒక్కరిది తప్ప. పెద్దాయనా! మీ కాజాలు సూటిగా ఉన్నాయి. మీ చెయ్యి వణకదు. ఎందుకంటే విషం కలిపే చెయ్యి వణకదు గనక!"

జనరేటరు మోతని మించి అరిచిన ఆ మాట అందరికీ వినపడింది. మామగారు నెమ్మదిగా మీటరు బద్ద అందుకున్నారు.

"నా అల్లుడికి నేను విషం పెట్టానా? నా కూతురి కాపురంలో నేను నిప్పులు పోస్తానా? ఉండు, నీ సంగతి చెప్తాను!"

బావ షట్టరు ఎత్తి రోడ్డు మీదకి దూకాడు. ఆయన వెనక మామగారు, మామగారి వెనక కూతురు, "నాన్నా, ఆగు నాన్నా!" అంటూ. ఆవిడ వెనక నేను. మీటరు బద్ద దెబ్బలు రెండు తగిలాయి, రెండూ బావ వీపుకే. ఆయన ఆగి ఉన్న తోపుడుబండెక్కి, "నేరం ఒప్పుకోండి!" అని కేకలు పెడుతున్నాడు.

టైలరు భార్య చుట్టూ చూసింది.

"మా ఆయన ఏరీ?"

పరుగున వెనక్కి వెళ్లాం. టైలరు మిషను మీద తల వాల్చేసి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. సూది కింద బట్ట అలాగే ఉంది. నేనూ మామగారూ చెరో రెక్కా పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాం. భార్య ఆయన చెంపలు తడుతూ ఏడుస్తోంది. వానచినుకులు మొహం మీద పడ్డాయి. చాలాసేపటికి ఆయన దగ్గి, వాంతి చేసుకుని, కళ్లు తెరిచాడు.

"కరెంటొచ్చిందా?" అన్నాడు.

అందరం ఆటోలో ఇరుక్కుని ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ టైలరుకి ఆక్సిజన్ పెట్టించి మావైపు తిరిగింది.

"గదిలో ఏమన్నా మండుతోందా? బొగ్గులు, జనరేటరు, అలాంటివి?"

"జనరేటరుందండీ, వెనక గదిలో," అంది టైలరు భార్య.

"దాని పొగలో విషవాయువుంటుందమ్మా. కంటికి కనపడదు, దానికి వాసన ఉండదు. ముందు తలనొప్పి, మత్తు. తరవాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు."

"తలుపులు తీసి పెడితే సరిపోతుందా అండీ?"

"కిటికీలు కూడా తీసినా చాలదు. అది ఆరుబయటే ఉండాలి, తలుపులకీ కిటికీలకీ బాగా దూరంగా. అసలా గదిలో గాలి పోయే దారే లేదా?"

నేను బావ వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉండేదండీ," అన్నాడు చిన్నగా. "నేనే మూసేశాను."

అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మరి బయటికెలా వచ్చారు?" అడిగింది డాక్టరమ్మ.

"వీణ్ణి తన్నడానికి తరిమానమ్మా," అన్నారు మామగారు.

"చాలా మంచి పని చేశారు."

ఇంటికొచ్చాం. గుమ్మం దగ్గర బావ ఆగి, "ఆయన తరమకపోయుంటే, బామ్మర్దీ?" అన్నాడు. చెప్పుల్లోంచి కాళ్లు తీసేలోగా మాత్రం ఆయన తేరుకున్నాడు. "అంటే, ఆయన్ని రెచ్చగొట్టాలన్న నా ఎత్తు పారినట్టే కదా!"

మర్నాడు జనరేటరు పెరటి చివరికి వెళ్లింది. వాన తగలకుండా పైన రేకు, నాలుగు పక్కలా గాలి, కొట్టుదాకా పొడుగాటి వైరు. బావ వీధి జనాన్ని పోగేసి, "ద్రోహి మన మధ్యే ఉన్నాడు! ఒళ్లు ఎర్రన, గొంతు కర్కశం, తాగేది పెట్రోలు!" అని ఉపన్యాసం మొదలెట్టాడు. మధ్యలో పెట్రోలు అయిపోయి ద్రోహి దగ్గి, ఆగిపోయింది. బావ వెంటనే పెట్రోలు డబ్బా ఎత్తాడు. మామగారు ఆయన కాలరు పట్టుకుని వెనక్కి లాగారు.

"కాలిపోతోందయ్యా అది! దాని మీద పెట్రోలు ఒలికిందంటే మనిద్దరం భగ్గుమంటాం. చల్లారేదాకా ఇక్కడ కూర్చో. నోరెత్తకు."

బావ పీట మీద కూర్చున్నాడు. జనం చూసి చూసి వెళ్లిపోయారు. ఆయన మాత్రం కదల్లేదు, మెదల్లేదు, అక్షరం పలకలేదు.

బావని భోజనానికి పిలవడానికి వచ్చిన మా అక్క గోడ పక్కన నిలబడి, ఆ దృశ్యాన్ని కళ్లార్పకుండా చూసింది. తరవాత నన్ను పక్కకి పిలిచింది.

"ఏరా, అలాంటి జనరేటరొకటి మన పెరట్లోకీ అద్దెకి దొరుకుతుందేమో కనుక్కోరా."