ఖాళీ పళ్లెం నిషేధం

1983 మార్చిలో షికాగోలోని ఒక ప్రయోగశాల మానవాళికి శుభవార్త ప్రకటించింది. కణాల మధ్య జిగురులా ఉండే ఒక కొత్త ప్రోటీను కీళ్లలోని కొల్లాజెన్ అనే పదార్థానికి అతుక్కుంటుందనీ, కీళ్లవాతం రోజులు దగ్గరపడ్డాయనీ ప్రయోగశాల అధిపతి డాక్టర్ హాలోవే సెలవిచ్చారు. ఈ సంగతి ఆయనకు కంప్యూటరు చెప్పింది. పరీక్ష ఇంకా జరగలేదు. అంత చిన్న పనికి ప్రమోద ఉంది.

ప్రమోద నేపర్‌విల్ నుంచి రోజూ రైల్లో వచ్చే తెలుగు బయోకెమిస్టు. కొల్లాజెన్ పూసిన ప్లాస్టిక్ పళ్లెంలో ప్రోటీను పోసింది. అతుక్కుంది. ల్యాబంతా కేకు తింది. ఆమె మాత్రం బుద్ధి ఊరుకోక, ఏమీ పూయని పళ్లెంలోనూ పోసి చూసింది. అక్కడ ఇంకా గట్టిగా అతుక్కుంది. అంటే ఆ ప్రోటీను మనసిచ్చింది ప్లాస్టిక్‌కు.

హాలోవే గారు చలించలేదు. "సిద్ధాంతంలో దోషం లేదు ప్రమోదా. దాన్ని అర్థం చేసుకునే స్థాయి ఆ పళ్లేనికి లేదు," అన్నారు. ఇకమీదట ఖాళీ పళ్లెంలో ఎవరూ ఏమీ పోయరాదని నోటీసు అంటించారు. ఆ ఏడాదే ప్రోటీనుకు అతుక్కోవడానికి మరో నలుగురు భాగస్వాములున్నారని జోస్యం చెప్పారు. నలుగురికీ అతుక్కుంది. పళ్లెం అదే కదా.

ఈ ఫలితాలతో రాసిన వ్యాసం మీద సంతకం పెట్టమన్నప్పుడు ప్రమోదకు చెయ్యాడలేదు. ఇంటికొచ్చి భర్త మల్లికార్జున్‌తో చెప్పింది.

"అది తప్పండీ. తెలిసి తెలిసి ఎలా సైన్ చేయను?"

"మన గ్రీన్ కార్డ్ ఆయన లెటర్ మీదే ప్రాసెస్ అవుతోంది కదా. కార్డ్ రానీ, అప్పుడు కరెక్ట్ చేద్దువుగాని."

మర్నాడు సంతకం పెట్టింది. ఆ సాయంత్రం రైల్లో తన స్టేషన్ దాటిపోయినా దిగడం గుర్తురాలేదు.

వేసవిలో తెలుగు సంఘం ఆమెకు శాలువా కప్పింది. "కీళ్లవాతాన్ని జయించిన తెలుగు వనిత!" అంటూ అధ్యక్షులు భాస్కర్ గారు, తాము స్వయంగా పక్కన నిలబడి పరిశోధన చేయించినట్టు, నలభై నిమిషాలు ప్రసంగించారు. మైకు చేతికి రాగానే ప్రమోద ఇక ఉండబట్టలేకపోయింది.

"నేను దేన్నీ జయించలేదండీ. ఆ ప్రోటీన్ ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది, అంతే. మేం రాసింది తప్పు."

హాలంతా చప్పట్లు మార్మోగాయి. "ఎంత వినయమమ్మా!" అని సంఘం కార్యదర్శి రాధారాణి గారు కళ్లొత్తుకున్నారు.

భోజనాల దగ్గర ఆరుగురు డాక్టర్లు, నలుగురు ఇంజనీర్లు ఆమెను చుట్టుముట్టారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కాబట్టి సూటిగా విషయానికే వచ్చారు.

"ఆ ప్రోటీన్ వెజిటేరియనే కదమ్మా?"